గొంతు సంగతి

మొన్నామధ్య మా చర్చి యూత్ పిల్లలు నన్ను పిలిచి, హాస్పిటల్ ఉద్యోగాల్లోకి వెళ్ళబోయేవాళ్ళకి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. ఏం చదవాలి, లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి, పేషెంట్ ఎదురుగా కూర్చుని ఏడిస్తే ఏం చెయ్యాలి, అన్నీ చెప్పాను. చివర్లో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "ఆంటీ, మీరు ఎప్పుడైనా బిగ్ మిస్టేక్ చేశారా?" అని అడిగింది. నేను నవ్వేసి, "బోలెడు చేశానమ్మా. టైమ్ అయిపోయింది, భోజనాలకి పదండి" అన్నాను. టైమ్ అయిపోలేదు, ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటలో చెప్పకుండా మింగేసింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ అమ్మాయి చదువుతుందనే నమ్మకం.

నేను షికాగో శివార్లలో, షామ్‌బర్గ్‌కి దగ్గర్లో ఒక హాస్పిటల్‌లో వాయిస్ థెరపిస్టుగా ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. డాక్టర్ని కాను. గొంతు చెడిపోయినవాళ్ళకి దాన్ని మళ్ళీ వాడుకోవడం నేర్పేదాన్ని. మా చర్చిలో సగంమంది నేను పిల్లలకి మాటలు నేర్పుతాననుకునేవాళ్ళు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అవునండీ అనేదాన్ని. నా దగ్గరికి వచ్చేవాళ్ళు బడిపంతుళ్ళు, పాస్టర్లు, ఫుట్‌బాల్ కోచ్‌లు, రోజంతా ఫోన్‌లో మాట్లాడి బతికేవాళ్ళు. పాటగాళ్ళు కూడా వచ్చేవాళ్ళు గానీ పేరున్నవాళ్ళు అరుదు. పేరున్నవాళ్ళు సిటీలోకి, ఇంకా పెద్ద హాస్పిటళ్ళకి పోతారు.

పేరున్న ఒక సింగర్ మా దగ్గరికి రావడానికి కారణం కూడా అదే. ఇక్కడైతే ఎవరూ వెతకరని.

అప్పటికి ఆమెకి ఇరవైనాలుగేళ్ళు. షికాగోలో అమ్మమ్మ పెంచిన పిల్ల. చిన్నప్పుడు ఆ అమ్మమ్మ వెళ్ళే నల్లజాతి చర్చిలో కోయిర్‌లో పాడింది. తర్వాత ఒక లాండ్రీలో పనిచేస్తూ, బట్టలు మడతపెడుతూ ఏదో పాడుకుంటుంటే ఎవరో ఫోన్‌లో తీసి లోకం మీదికి వదిలారు. ఏడాది తిరిగేసరికి ఆమె పాట వినిపించని కారు లేదు. సోల్ అంటారే, గుండెని నేరుగా పట్టుకుని పిండే ఆ పాట, దానికి కొత్త రాణి దొరికిందన్నారు. రాణి అన్న నోటితోనే ఆమె స్టేజి మీద తూలిందనీ, హోటల్ ముందు బాయ్‌ఫ్రెండ్‌తో గొడవపడిందనీ, మళ్ళీ తాగుతోందనీ రోజూ రాశారు. తాగిన మాట నిజమే. గొడవా నిజమే. కానీ ఎక్కడ తూలినా అక్కడ ముందే ఒక కెమెరా ఉండేది.

ఆమె గొంతులో ఒక చోట స్వరం పగిలేది. పైకి వెళ్తూ వెళ్తూ ఒక్క క్షణం గాలి మాత్రమే మిగిలి, మళ్ళీ అందుకునేది. జనం పడి చచ్చింది దానికే. పత్రికలవాళ్ళు దాన్ని తరతరాల దుఃఖం అన్నారు. మా డాక్టర్ ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి చూసి, పాలిప్ అన్నాడు. స్వరతంత్రి మీద చిన్న బుడిపె, దాని పక్కనే ఉబ్బిన రక్తనాళం. మా డాక్టర్ ఎక్కువ మాట్లాడే రకం కాదు. "దుఃఖం నాకు కనిపించలేదు, ఇది మాత్రం కనిపించింది" అన్నాడు.

మొదటిరోజు ఆమెతోపాటు ఒక మేనేజర్ కుర్రాడొచ్చాడు. నేనేం అడిగినా అతనే జవాబు చెప్పేవాడు. నొప్పి ఉందా అంటే అతనే లేదంటాడు, నిద్రపడుతోందా అంటే అతనే పడుతోందంటాడు. రెండు ప్రశ్నలు ఓర్చుకుని, మూడోదానికి అతన్ని బయట కాఫీ తాగి రమ్మన్నాను. తలుపు మూసుకున్నాక ఆమె హుడ్ వెనక్కి తోసుకుని మొదటిసారి నా వైపు చూసింది.

"ఈ రూమ్‌లో చెప్పింది ఈ రూమ్‌లోనే ఉంటుందా?" అంది.

"ఉంటుంది."

"అందరూ అలాగే అంటారు."

"అందరి సంగతి నాకు తెలీదు. నేనైతే ఇరవై ఏళ్ళుగా నోరు మూసుకునే జీతం తీసుకుంటున్నాను" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వు కూడా చీలిపోయి వచ్చింది.

తర్వాత నెలరోజులు వారానికి రెండుసార్లు వచ్చేది. ముందు తలుపులోంచి కాదు, మాసిన దుప్పట్ల బండ్లు తోసుకెళ్ళే వెనక దారిలోంచి. ఊపిరి తీసుకోవడం, పెదవులు వణికిస్తూ శబ్దం చెయ్యడం, గడ్డం వదులుగా ఉంచడం, ఇదీ మా పని. బయటనుంచి చూస్తే ఇద్దరు ఆడవాళ్ళు చిన్నపిల్లల్లా బుర్రుమంటూ కూర్చున్నట్టుంటుంది. మధ్యలో ఓసారి, "మీరు చర్చికి వెళ్తారు కదా?" అంది. ఎలా తెలుసన్నాను. "మీరు మర్చిపోయి కూనిరాగం తీసేటప్పుడు అది చర్చి పాటే" అంది. తెలుగు చర్చి అని చెప్పాను. "అక్కడ చప్పట్లు కొడతారా?" "కొడతాం. తాళం మాత్రం అడక్కు" అన్నాను. ఆమె మళ్ళీ నవ్వబోతే, నవ్వకు, గొంతు బిగుస్తుందని కసిరాను. నాకు ఆ పిల్లంటే ఇష్టం ఏర్పడిపోయింది. మా ఉద్యోగంలో ఇష్టం ఉండొచ్చు. అది బయటికి ఒలకకూడదు, అంతే.

ఒకరోజు ఆమె వచ్చేసరికి గొంతు లేదు. ముందురోజు ప్రోగ్రాంలో పాట మధ్యలో ఏదో తెగినట్టయిందని రాసి చూపించింది. కెమెరా పెట్టి చూస్తే తంత్రి అంతా ఎర్రగా ఉంది. రక్తనాళం పగిలింది. వారంలోనే ఆపరేషన్ చేసి బుడిపె తీసెయ్యాలనీ, తర్వాత రెండు వారాలు పూర్తి మౌనమనీ, ఆ తర్వాత గొంతు ఎలా వస్తుందో ఎవరూ ముందే చెప్పలేరనీ డాక్టర్ చెప్పాడు. ఆ పగుళ్ళ స్వరం మాత్రం ఇక రాకపోవచ్చన్నాడు. దేనివల్ల పేరొచ్చిందో అది పోతుందన్నమాట.

ఆపరేషన్ రోజు పొద్దున లోపలికి తీసుకెళ్ళేముందు ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఉన్న కాస్త గొంతుతో గుసగుసగా మాట్లాడింది. గుసగుస కూడా తప్పే, అయినా నేను ఆపలేదు.

"నా గురించి అన్నీ నాకంటే ముందు వాళ్ళకే తెలుస్తాయి. ఇదొక్కటి అలా కాకూడదు. నేను పాడగలనో లేదో ముందు నాకు తెలియాలి. ఆ తర్వాత లోకానికి నేనే చెప్తాను."

"నీకే ముందు తెలుస్తుంది" అన్నాను. మాటిచ్చాను.

ఇక ఇప్పుడు నా సంగతి.

కారణం చెప్పకుండా ప్రోగ్రాంలు రద్దు చేసేసరికి బయట ఊహాగానాలు మొదలయ్యాయి. మళ్ళీ తాగుడు మానిపించే చోట చేర్చారన్నారు. మా వెయిటింగ్ రూమ్‌లో టీవీ ఉండేది. అందులో నలుగురు కూర్చుని, ఆమె బతుకు ఎక్కడ దారి తప్పిందో గంటసేపు చర్చించారు. ఆమె పై అంతస్తులో నోరు మూసుకుని పడుకుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తాగుడు కాదురా వెధవల్లారా, గొంతు తెగిందిరా అని టీవీ మీద అరవాలనిపించింది. అరవలేదు. అరిచినా బాగుండేది, వెయిటింగ్ రూమ్‌లో ఉన్న ఐదుగురితో పోయేది.

శుక్రవారాలు నాకు సెలవు. మా చర్చి స్త్రీలం శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ఎవరో ఒకరింట్లో కూడుతాం. పాటలు, బైబిలు వాక్యం అయ్యాక, ఒక్కొక్కరూ తమ ప్రార్థన అవసరతలు, అంటే దేనికోసం ప్రార్థించాలో, చెప్తారు. అందరం అందరి కోసం ప్రార్థిస్తాం. ఒక చెల్లెమ్మ అవన్నీ ఫోన్‌లో రాసుకుని, రాలేనివాళ్ళ కోసం వాట్సాప్ గ్రూప్‌లో పెడుతుంది. మంచి అలవాటు. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో మా ఆయనకి ఉద్యోగం పోయినప్పుడు, మమ్మల్ని మోసింది ఆ అలవాటే. ఆరోజు కూడా ఒకామెది వీసా స్టాంపింగ్, ఒకామెది కొడుకు పరీక్ష, ఒకామెది భీమవరంలో ఉన్న అమ్మ మోకాలు. నా వంతు వచ్చింది.

"పాటలు పాడే ఒక ఆడబిడ్డ ఉందండీ. చిన్నపిల్ల. గొంతులో రక్తం చిమ్మి ఆపరేషన్ చేశారు. రెండు వారాలు నోరు తెరవకూడదు. మళ్ళీ పాడుతుందో లేదో తెలీదు. లోకమంతా ఆ బిడ్డ మీద పడి కాకుల్లా పొడుస్తోంది. దయచేసి ప్రార్థించండి" అన్నాను. అంటూ ఏడ్చాను కూడా.

పేరు చెప్పలేదు కదా అన్నది నా ధైర్యం. పదకొండుమంది ఆడవాళ్ళు నా చుట్టూ చేరి, తల మీద చెయ్యేసి కన్నీళ్ళతో ప్రార్థించారు. గుండె తేలికైంది. ఇంటికొచ్చి చూస్తే గ్రూప్‌లో మెసేజ్ ఉంది. నాలుగో అవసరత: సింగర్ బిడ్డ, గొంతు ఆపరేషన్, బ్లీడింగ్, రెండు వారాలు మౌనం, మన అక్క హాస్పిటల్‌లో. దాని కింద నేను కూడా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నదాన్ని, అది చదివి ఆమెన్ అన్నాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు మనవాళ్ళు. మా గ్రూప్‌లోని ఒకామె దాన్ని వేరే రాష్ట్రంలో, షాంటిలీలో ఉన్న చెల్లెలికి పంపింది, వాళ్ళ చర్చిలో కూడా ప్రార్థించమని. అక్కడినుంచి అది దేశం ఆ చివరున్న శాంటా క్లారా వెళ్ళింది. అక్కడ ఒకావిడ కూతురు కాలేజీలో చదువుతోంది. మన సింగర్‌కి వీరాభిమాని. వాళ్ళమ్మ ఫోన్‌లో అది చూసి, రద్దయిన ప్రోగ్రాంలతో కలిపి లెక్క కట్టేసింది. ఆ పిల్లకి తెలుగు చదవడం సరిగ్గా రాదు, వాళ్ళమ్మే చదివి చెప్పిందట. అభిమానుల పేజీలో పెట్టింది: తాగుడు కాదు, గొంతు రక్తం కారి ఆపరేషన్ అయింది, షికాగో దగ్గర ఉంది, రెండు వారాలు మౌనంలో ఉంది, అందరూ ప్రార్థించండి అని. ఆ పిల్లది కూడా ప్రేమే. ఈ గొలుసులో ఎక్కడా ఒక్క చెడ్డ మనిషి లేడు, నేను వెతికి చూశాను.

సోమవారానికి అది వార్త అయింది. 'ఆ గొంతు శాశ్వతంగా పోయిందా?' అన్నారు. మంగళవారం, ఎలా కనిపెట్టారో గానీ, మా హాస్పిటల్ ముందు రెండు టీవీ వ్యాన్లు. మా మేనేజర్ అందర్నీ పిలిచి, ఇక్కడినుంచే బయటికి పోయిందనీ, ఎవరో తేలేదాకా విచారణ జరుగుతుందనీ చెప్పింది. మధ్యాహ్నానికి మా రిసెప్షనిస్టుని ఇంటికి పంపేశారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ కౌంటర్‌లో ఉన్న మనిషి. ఆమె చేసిన నేరమల్లా, నెల కిందట సింగర్‌తో ఒక సెల్ఫీ దిగి, తన అక్కకి చూపించడం. దాంతో అనుమానం ఆమె మీదికి పోయింది.

వార్తలో 'ఒక అభిమాని తల్లి ప్రార్థన బృందం' అన్న ముక్క చదవగానే చేతిలో పని వదిలేసి బయటికి వచ్చాను. పార్కింగ్‌లో కారులో కూర్చుని మా చర్చి చెల్లెమ్మకి ఫోన్ చేశాను.

"మన అవసరతలు బయటికి ఎవరైనా పంపారా?"

"పంపుతారు కదక్కా. ఎంతమంది ప్రార్థిస్తే అంత మంచిదని మీరే చెప్పారుగా. ఏమైందక్కా? బిడ్డకి తగ్గిందా?"

ఏం చెప్పను? తగ్గుతోందని చెప్పి పెట్టేశాను. చూశారా, మళ్ళీ చెప్పాను.

పిల్లలూ, ఇక్కడ నేను ఆగి ఒక మాట చెప్పాలి. తప్పు చేసినది శుక్రవారం. ఆ తప్పుకి నన్ను నేను క్షమించుకోగలను, ఎందుకంటే అది తెలియక చేసింది. మంగళవారం మధ్యాహ్నం నుంచి గురువారం పొద్దుటిదాకా నేను నోరు మూసుకుని ఉండడం మాత్రం తెలిసి చేసింది. ఆ రెండు రోజులూ నేను పేషెంట్లని చూశాను. బ్రేక్ రూమ్‌లో పెరుగన్నం తిన్నాను. రిసెప్షనిస్టు ఇలాంటిదనుకోలేదని అందరూ గొణుక్కుంటుంటే వింటూ కూర్చున్నాను. ఎవరికీ తెలీదు, తెలుగు రాకపోతే ఎవరూ పట్టుకోలేరు అని లోపల ఒక గొంతు చెప్తూనే ఉంది. ఆ గొంతు నాదే. రిటైర్‌మెంట్‌కి నాలుగేళ్ళుంది, ఇంటి అప్పుంది అని కూడా చెప్పింది. నాకు ప్రార్థన చేసుకుందామంటే మాట రాలేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి మేనేజర్ గదికి వెళ్ళాను. బయటికి చెప్పింది నేనని చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. ఎవరితో అంది. ఉపవాస ప్రార్థన అంటే ఏమిటో, ప్రార్థన అవసరత అంటే ఏమిటో ఆమెకి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతా విని, "పేషెంట్ల సంగతులు బయటికి పోకూడదనే చట్టం నీకు నా కంటే బాగా తెలుసు. కొత్తవాళ్ళకి ఏటా క్లాసు చెప్పేది నువ్వే" అంది. నిజమే. చెప్పేదాన్ని. ఆ క్లాసులో లిఫ్టులో మాట్లాడకూడదనీ, భర్తకి చెప్పకూడదనీ ఉదాహరణలిచ్చేదాన్ని. దేవుడికి వినపడేలా నలుగురిలో చెప్పడం కూడా లీకే అని నాకెప్పుడూ తట్టలేదు.

వెంటనే రిసెప్షనిస్టుకి ఫోన్ చేసి రమ్మన్నారు. సింగర్‌కి హాస్పిటల్ తరఫున ఉత్తరం వెళ్తుందన్నారు. ఆ మధ్యాహ్నమే ఆమెకి చెకప్ ఉంది. నేనే ముఖాముఖి చెప్తానని బతిమాలాను. మేనేజర్ తాను గదిలో ఉంటేనే అని ఒప్పుకుంది.

ఆమె హుడ్ వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న తెల్లబోర్డు, చేతిలో ఆకుపచ్చ మార్కరు. నన్ను చూడగానే బోర్డు మీద రాసి ఎత్తి చూపింది. 'వాళ్ళకి తెలిసిపోయింది.' నాకు చెప్పుకుందామని ఎదురుచూస్తోందన్నమాట. నా వైపు మనిషినని.

"వాళ్ళకి తెలిసింది నా వల్లే" అన్నాను.

ఆమె అర్థం కానట్టు చూసింది. మళ్ళీ చెప్పాను.  తర్వాత పెద్ద అక్షరాలతో రాసింది.

'ఎవరికి అమ్మారు?'

"అమ్మలేదు. మా చర్చిలో నీ కోసం ప్రార్థన అడిగాను. పేరు చెప్పలేదు. కానీ మిగతాదంతా చెప్పాను. అక్కడినుంచి పాకింది."

ఆమె భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. రెండూ ఆ గొంతుకి ప్రమాదమే. అలవాటుకొద్దీ, "బిగించకు, ఊపిరి కిందకి వదులు" అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు పోయిందని అన్నాకగానీ తట్టలేదు. అయినా ఆమె వదిలింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, శబ్దం లేదు. చప్పుడు లేకుండా ఏడవడం అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. దాన్ని ఆమెకి నేర్పింది నేనే.

బోర్డు తుడిచి రాసింది. 'ఎంతమంది?'

"ఆ గదిలో పదకొండుమంది. తర్వాత నాకు తెలీదు."

'ఏమని ప్రార్థించారు?'

మేనేజర్ కుర్చీలో కదిలింది. నేను చెప్పాను. దేవుణ్ణి ఆ బిడ్డని తాకి బాగుచెయ్యమన్నారు, ఆ బిడ్డకి నెమ్మది ఇమ్మన్నారు, ఆ బిడ్డ తల్లి లేని పిల్లైతే తల్లిలా ఉండమన్నారు. బిడ్డ అంటే ఏమిటని రాసి అడిగింది. ఎవరి పిల్లైనా సరే, మా పిల్ల అని చెప్పాను.  ఆ ఏడాదిన్నరలో లోకం ఆమెని ఎన్ని పేర్లతో పిలిచిందో లెక్కలేదు.

తర్వాత నెమ్మదిగా రాసింది. రాసినదాన్ని నా వైపు తిప్పింది.

'నన్ను అడగాల్సింది. నేను సరే అనేదాన్ని.'

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంత గట్టిగా కొట్టిన మాట ఇంకొకటి లేదు. నేను దొంగిలించింది, అడిగితే ఇచ్చేదే. నాకు అడగాలని తోచనే లేదు. ఆ పిల్ల మేలు నాకే ఎక్కువ తెలుసనుకున్నాను, ఆ టీవీవాళ్ళలాగే. తప్పైపోయిందమ్మా, క్షమించు అన్నాను. ఆమె బోర్డు తుడిచి ఒక పేరు రాసింది. అది పత్రికల్లో వచ్చే పేరు కాదు. దాని కింద, 'అమ్మమ్మ నన్ను ఇలా పిలిచేది. వాళ్ళకి ఈ పేరు చెప్పండి. గొంతు సంగతి చెప్పొద్దు' అని రాసింది. నేను సరేననేదాకా బోర్డు ఎత్తి పట్టుకుని, తర్వాత చొక్కా చేతితో తుడిచేసింది.

నన్ను జీతం లేకుండా మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టారు. నా ఫైల్లో మందలింపు ఉత్తరం పెట్టారు. ఏటా చెప్పే ఆ క్లాసు తీసేశారు. అదైతే నేనే వద్దనేదాన్ని. సింగర్ కేసు నా పక్కగదిలో పనిచేసే థెరపిస్టుకి ఇచ్చారు. రిసెప్షనిస్టు మళ్ళీ కౌంటర్‌లో కూర్చుంది. తిరిగి వెళ్ళిన రోజు ఆమె దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. "చెప్పినదానికి కాదు. ఆ రెండు రోజులు నువ్వు ఇక్కడ కూర్చుని అన్నం తిన్నావు. దానికి నాకు టైమ్ పడుతుంది" అంది. చాలా టైమ్ పట్టింది. కరెక్టే.

మౌనం ముగిసిన రోజున మొదటి శబ్దం తీయించేది థెరపిస్టే. ఆ పని నేను చెయ్యాల్సింది, ఇంట్లో గిన్నెలు తోముకుంటూ గడియారం చూశాను. తర్వాత నా కొలీగ్ ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. ఏడు నెలలకి ఆమె మళ్ళీ స్టేజి ఎక్కితే లోకంతోపాటే నేనూ టీవీలో చూశాను. పగిలే స్వరం లేదు. నునుపుగా, కాస్త కిందిస్థాయిలో, తొందర లేకుండా పాడింది. ఆత్మ పోయిందని కొందరు రాశారు. వాళ్ళకి అప్పటికి ఇంకో పిల్ల దొరికింది, ఆమె మీద పడ్డారు. ఈమె ఇప్పటికీ పాడుతోంది. చిన్న చిన్న హాళ్ళలో. తాగుడు మానేసిందని ఆమే ఒకచోట చెప్పింది కాబట్టి నేనూ చెప్తున్నాను. మిగతాదంతా రాసేముందు ఈసారి ఆమెని అడిగాను, సరే అంది.

ఒక్కటి మిగిలింది. ఆ గురువారం మర్నాటి శుక్రవారం.

ఆ వారం కూడిక పాస్టరమ్మగారింట్లో. వెళ్ళాలనిపించలేదు, కానీ మాటిచ్చాను. సాక్ష్యం చెప్పే వేళకి లేచి నిలబడ్డాను. సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు చెప్పుకుంటాం మామూలుగా. నేను నా తప్పు చెప్పాను. మనం ప్రేమతో మోసుకెళ్ళిన మాట ఆ పిల్ల దగ్గర ఏమేం లాక్కుందో చెప్పాను. వాట్సాప్‌లో రాసిన చెల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తప్పు నాదేనమ్మా, నువ్వు నేను చెప్పిందే రాశావన్నాను.

"మంచికే కదక్కా చేశాం" అంది ఒకామె.

"అవునమ్మా. అందుకే మనకి తెలియలేదు" అన్నాను.

అవసరతల వేళ వచ్చింది. నేను ఆ పేరు చెప్పాను. ఇది మన సొంతంగా చెప్పేది కాదు, ఆ బిడ్డే పంపిందన్నాను.

"ఏం అవసరతని రాయమంటారక్కా?" చెల్లెమ్మ అలవాటుగా ఫోన్ తీసి, గుర్తొచ్చి బోర్లా పెట్టేసింది.

"చెప్పకూడదమ్మా."

 మా కూడికలో అలా ఎప్పుడూ జరగలేదు. రోగమో, వీసానో, పిల్లల చదువో, ఏదో ఒకటి పట్టుకోకుండా మాకు ప్రార్థించడం రాదు. "ఏమీ తెలీకుండా ఏమని అడుగుతామండీ?" అని ఎవరో మెల్లగా అన్నారు కూడా. పాస్టరమ్మగారు నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను.

అప్పుడు సోఫా చివర్లోంచి మామ్మగారు లేచారు. నరసాపురం నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఆవిడకి ఎనభై దాటాయి. మోకాళ్ళ మీదికి వంగలేక, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. ఆ పేరు ఆవిడకి నోరు తిరగలేదు. మూడుసార్లు మూడు రకాలుగా పలికి, మూడోదానితో సరిపెట్టుకున్నారు.

"ప్రభువా, ఈ బిడ్డ పేరు మాకు చెప్పింది, సంతోషం. మిగతాది నీకు చెప్పుకునే ఉంటది. మాకక్కర్లేదు తండ్రీ. నువ్వు చూసుకో."

అంతే, కూర్చున్నారు. మేమందరం ఆమెన్ అన్నాం.